రోజుకు 22 వేల తప్పు దెబ్బలు: నా ఈపీ స్టడీ, అబ్లేషన్ అనుభవం

2024 ఫిబ్రవరి 23, శుక్రవారం. మేడారంలో సమ్మక్క, సారలమ్మ ఇద్దరూ గద్దెల మీదున్న రోజు. జంపన్నవాగులో స్నానం చేసి, నెత్తిన బంగారం (మేము బెల్లాన్ని అక్కడ అట్లాగే అంటాం) పెట్టుకొని జనంలో నడుస్తున్నాను. గుండె ఒక దెబ్బ కొట్టడం మరిచిపోయినట్టయింది. మరుక్షణం లోపలి నుంచి పిడికిలితో గుద్దినట్టు ఒక పెద్ద దెబ్బ. మళ్లీ అట్లాగే. మళ్లీ. పక్కకు తప్పుకొని ఒక చెట్టు మొదట్లో కూలబడ్డాను. "ఏమైందయ్యా, గట్లెందుకు కూసున్నవ్?" అని మా ఆవిడ గాబరా పడింది. ఎండ దెబ్బ అనుకున్నాం. అక్కడే ఆమె మొక్కుకుంది, నాకు నయమైతే వచ్చే జాతరకు నా ఎత్తు బంగారం ఇస్తానని.

నాకు 44 ఏళ్లు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి అడ్తిలో గుమాస్తాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మాకు ఊపిరి సలపని సీజన్. కాంటా దగ్గర నిలబడి బస్తాలు రాసుకోవాలి, తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు) రాయాలి, రైతులకు డబ్బు లెక్క చెప్పాలి. జాతర నుంచి వచ్చాక ఆ పనిలోనే రోజూ ఈ దెబ్బలు మొదలయ్యాయి. పొద్దున పది, పదకొండుకు మొదలై సాయంత్రం దాకా ఉండేవి. ఇంటికి వచ్చి నడుం వాలిస్తే మాయం.

ముందు మా వాడకట్టులో డాక్టర్ గ్యాస్ అన్నాడు. పదిహేను రోజులు గ్యాస్ మాత్రలు వేసుకున్నా. తర్వాత ఒక ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, నార్మల్. ఇంకో ఆసుపత్రిలో తీశారు, అదీ నార్మల్. "టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. మూడో చోట నిద్రమాత్రలు రాసిచ్చారు. మార్చి నెలంతా ఇట్లాగే గడిచింది. ఈ తిరుగుడికే ఆరు వేల పైన అయింది. డబ్బు కన్నా ఎక్కువ బాధ పెట్టింది వేరే. నేను అబద్ధం చెప్తున్నానేమో అన్నట్టు అందరూ చూడటం. చివరికి నాకే అనుమానం వచ్చింది, ఇదంతా నా మనసు కల్పించుకుంటున్నదా అని. రాత్రి మా బిడ్డ పడుకున్నాక మణికట్టు మీద వేలు పెట్టుకొని లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. రాత్రి ఒక్కటీ తప్పేది కాదు.

తర్వాత అర్థమైన సంగతి ఒకటి ఇక్కడే చెప్తాను. మామూలు ఈసీజీ పట్టేది పది సెకన్ల గుండెను. ఆ పది సెకన్లలో తప్పు దెబ్బ పడకపోతే కాగితం నార్మల్‌గానే వస్తుంది. నేను ఆసుపత్రులకు పోయింది అన్నీ సాయంత్రాలే, పని అయిపోయి, అరగంట బెంచీ మీద కూర్చొని, గుండె నెమ్మదించిన తర్వాత.

ఏప్రిల్ 9న, ఉగాది రోజు, మార్కెట్ బంద్. హనుమకొండలో ఒక చిన్న క్లినిక్ తెరిచి ఉందంటే పోయాను. ఈసీజీ తీసే ఆమెకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. నా కథంతా విని, "అన్నా, రెండంతస్తులు ఎక్కి దిగిరా" అంది. దిగొచ్చి ఆయాసపడుతూ పడుకుంటే తీగలు పెట్టింది. ఆ మెషిన్ పాతది, ఒకసారికి మూడు లీడ్లే (ఒక్కో లీడు గుండెను ఒక్కో వైపు నుంచి చూసే గీత) రాస్తుంది. పన్నెండూ రావాలంటే నాలుగుసార్లు మార్చాలి. మొదటి మూడింట్లో తప్పు దెబ్బ పడ్డాక మార్చింది. రెండో మూడింట్లో పడలేదు. కాగితం మూరెడు వచ్చింది, బారెడు వచ్చింది, ఆమె ఆపలేదు. "రానియ్యన్నా. వచ్చేదాకా తియ్యను" అని మెషిన్ మీద చెయ్యి పెట్టుకొని చూస్తూ నిలబడింది. అట్లా నాలుగు వరసల్లోనూ ఆ దెబ్బ పడేదాకా తీసింది. ఒకచోట పెన్నుతో గుండ్రంగా చుట్టి చూపించింది. అన్ని గీతలూ సన్నగా, ఒక్కటి వెడల్పుగా, ఎత్తుగా, వేళ కాని వేళ. దాని తర్వాత ఖాళీ. ఆ ఖాళీ తర్వాత వచ్చే మామూలు దెబ్బే నాకు పిడికిలి గుద్దులా తెలిసేది.

ఆ కాగితం చూసి ఏడుపొచ్చింది. రోగం ఉన్నందుకు కాదు, ఉన్నదని కాగితం మీద పడినందుకు.

వీటిని డాక్టర్లు వీపీసీలు అంటారు. గుండె కింది గదుల్లో ఏదో ఒక మూల నుంచి, పై నుంచి వచ్చే ఆర్డర్ కోసం ఆగకుండా తనంతట తానే పుట్టే దెబ్బ. క్లినిక్ డాక్టర్ గారు టూడీ ఎకో (గుండెకు తీసే స్కాన్), హోల్టర్ రాశారు. బయటికొచ్చి చేసిన మొదటి పని, ఆ ఈసీజీకి రెండు జిరాక్సులు తీయించడం. ఆ కాగితం మా కాంటా చీటీల కాగితం లాంటిదే, వేడికి అచ్చు పడేది. ఎండకు, ప్లాస్టిక్ కవర్‌కు గీత ఎగిరిపోతుంది. చీటీలు తెల్లబడి గొడవలైన సంగతులు నాకు తెలుసు కాబట్టి ఆ అలవాటు ఉంది. ఈ జిరాక్సు సంగతి గుర్తు పెట్టుకోండి, ముందుముందు మళ్లీ వస్తుంది.

హోల్టర్ అంటే ఛాతీకి స్టిక్కర్లు అంటించి, నడుముకు చిన్న పెట్టె కట్టి ఒక రోజంతా ఉంచుతారు. 2,500 తీసుకున్నారు. స్నానం వద్దన్నారు. ఏప్రిల్ ఎండలో, మిర్చి దుమ్ములో, చెమటకు స్టిక్కర్ల కింద దురద భరించలేకపోయాను, అయినా సెలవు పెట్టకుండా పనికే పోయాను. అది మంచిదైంది. రిపోర్టులో మొత్తం దెబ్బలు 1,01,860. అందులో వీపీసీలు 22,914. గంటల వారీ పట్టిక ఉంటుంది, అది అడిగి చూడండి. పగలు గంటకు రెండు వేల పైన, రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఏ గంటలోనూ రెండంకెలు దాటలేదు. నా మణికట్టు లెక్క నిజమే.

మాత్రలు మొదలయ్యాయి, మెటోప్రొలాల్ 25, తర్వాత 50. కొంచెం తగ్గాయి, కానీ మెట్లెక్కితే కాళ్లు లాగేవి. జూన్‌లో ఒక రాత్రి ఇంట్లో పెద్ద భయం. మా బిడ్డ వేలికి పెట్టే ఆక్సిమీటర్ పెట్టి చూస్తే నాడి 41. ఆటో పిలిచి ఆసుపత్రికి పరుగెత్తాం. అక్కడ ఈసీజీలో 82. ఒకటి మంచి దెబ్బ, ఒకటి తప్పు దెబ్బ, వరసగా అట్లా వస్తున్నాయట. తప్పు దెబ్బకు గుండె నిండకముందే ముడుచుకుంటుంది కాబట్టి వేలి దాకా రక్తం రాదు, మెషిన్ దాన్ని లెక్కపెట్టదు. మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లా సగం చూపిస్తే ఈసీజీ తీయించండి, ఆ ఆక్సిమీటర్ అంకె ఒక్కటే చూసి హడలిపోవద్దు.

ఆగస్టులో రెండో ఎకో. గుండె పంపింగ్ (ఒక్కో దెబ్బకు గుండె గదిలోని రక్తంలో బయటికి పోయే వంతు) నూటికి 58 నుంచి 48కి దిగింది. హోల్టర్‌లో ఇంకా నూటికి 19. ఇన్ని తప్పు దెబ్బలు ఏళ్ల తరబడి పడితే కండరం అలసిపోతుంది, మీకు ఇప్పటికే మొదలైంది, అవి పుట్టే చోటు వెతికి (అది ఈపీ స్టడీ) కాల్చేస్తే (అది అబ్లేషన్) చాలావరకు మళ్లీ కోలుకుంటుంది అన్నారు. హైదరాబాద్‌లో ఎలక్ట్రోఫిజియాలజిస్ట్ (గుండె కరెంటు సంగతి చూసే డాక్టర్) దగ్గరికి పొమ్మన్నారు.

గుండె లోపల కాల్చడం. ఆ మాట ఇంట్లో చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మా అమ్మ అన్నం మానేసింది. మా బావ "ఆయుర్వేదం చూద్దాం" అన్నాడు. సెప్టెంబర్ 18న కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ పోయాం.

ఆ డాక్టర్ గారు ఫైల్లో ఎకో చూడలేదు, హోల్టర్ చూడలేదు, ముందు ఏప్రిల్ నాటి ఈసీజీ జిరాక్సు తీశారు. స్కేలు పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత మా ఇద్దరికీ చెప్పారు. "రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లు కింద నుంచి గుండెను చూస్తాయి. మీ తప్పు దెబ్బ ఆ మూడింట్లో నిటారుగా పైకి ఉంది. అంటే కరెంటు పై నుంచి కిందికి వస్తోంది. పుట్టే చోటు గుండె పైభాగంలో, రక్తం బయటికి పోయే దారి దగ్గర." సరే, పైభాగం. కుడా, ఎడమా? దానికి ఛాతీ లీడ్లు చూడాలట. కిందికి ఉన్న గీత ఎన్నో లీడు దగ్గర పైకి తిరుగుతుందో దాన్ని బట్టి తెలుస్తుంది. నాలుగో లీడు దగ్గర తిరిగితే ఎక్కువగా కుడి, ఒకటి రెండులోనే తిరిగితే ఎడమ. నాది సరిగ్గా మూడో దాంట్లో తిరిగింది. "ఇది మధ్యలో ఉంది. లోపలికి పోయి చూస్తేనే తెలుస్తుంది" అన్నారు. ఒంటి మీది గీత వాడను చూపిస్తుంది, ఇంటి నంబర్ చూపించదు అని నాకు అప్పుడు అర్థమైంది.

గుండెలో పాత మచ్చలు లేవని చూడటానికి ఎంఆర్ఐ చేశారు, ఏమీ లేదు. ఇన్సూరెన్స్ అనుమతికి ఐదు వారాలు పట్టింది. అన్ని కాగితాలూ రెండుసార్లు అడిగారు. త్రీడీ మ్యాపింగ్ (తప్పు దెబ్బ పుట్టే చోటును తెర మీద పటంలా గీసి వెతికే పద్ధతి) ఎందుకు, మామూలు పద్ధతి సరిపోదా అని ఒక ప్రశ్న వేశారు, దానికి డాక్టర్ గారు ఉత్తరం రాసివ్వాల్సి వచ్చింది. ముందే ఆ ఉత్తరం అడిగి తీసుకుంటే పది రోజులు మిగిలేవి.

నవంబర్ 13, బుధవారం తేదీ ఇచ్చారు. ఐదు రోజుల ముందు మాత్రలు ఆపమన్నారు. అవి ఒంట్లో ఉంటే తప్పు దెబ్బలు దాక్కుంటాయి, దాక్కుంటే వెతకలేరు. ఈ మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా కష్టమైనవి ఆ ఐదు రోజులే. పత్తి సీజన్ మొదలైంది, సేటు సెలవు ఇచ్చాడు, ఇంట్లో కూర్చుంటే ప్రతి దెబ్బా తెలిసేది. మాట్లాడుతుంటే మధ్యలో గొంతు ఆగేది. మా ఆవిడ రాత్రంతా లైటు తీయనివ్వలేదు.

ముందు రోజు అడ్మిట్ అయ్యాం. రెండు తొడల గజ్జల్లో షేవింగ్, రక్తపరీక్షలు, సంతకాలు. గుండె చుట్టూ రక్తం చేరవచ్చు, గజ్జలో గడ్డ కట్టవచ్చు అని ఉన్న కాగితం మా ఆవిడ చదివి కలం పట్టుకొని అట్లాగే కూర్చుంది. నేనే సంతకం పెట్టమన్నా. ఆ రోజు తీసిన మూడు ఈసీజీల్లోనూ ఒక్క వీపీసీ పడలేదు. భయానికి గుండె దడదడలాడుతోంది, తప్పు దెబ్బ మాత్రం లేదు.

పొద్దున తొమ్మిదికి ల్యాబ్‌లోకి తీసుకుపోయారు. లోపల చలి. బల్ల సన్నగా ఉంటుంది, చేతులు పక్కకు కట్టేస్తారు. వీపుకు, ఛాతీకి అరచేయంత పెద్ద స్టిక్కర్లు అంటించారు, మంచుముక్కల్లా ఉన్నాయి. బల్ల కింద అయస్కాంతం ఉంటుందట. గుండెలోకి పోయే తీగ కొస ఎక్కడుందో దాని సాయంతో మిల్లీమీటర్ల లెక్కన తెలుస్తుంది. పూర్తి మత్తు ఇవ్వరు. కొంచెం మగతకు ఇచ్చి, కుడి గజ్జలో మత్తు సూది వేసి, సిర గుండా తీగలు పంపారు. సూది చురుక్కుమంది, తీగలు పోవడం తెలియలేదు. గాజు తలుపు అవతల టెక్నీషియన్లు. మెడ కొంచెం తిప్పితే నాకు ఒక తెర కనిపించేది.

మొదట్లోనే ఒక చిన్న ఆటంకం. గీతల మీద సన్నటి వణుకు వస్తోంది. "ఫిఫ్టీ హెర్ట్జ్ నాయిస్" అని ఒకాయన అన్నాడు. గుండె లోపలి సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే, మన గోడలో కరెంటు 50 హెర్ట్జ్ మోత అందులో కలిసిపోతుందట. ఒక్కో మెషిన్ ప్లగ్గు తీస్తూ పోయారు. చివరికి మందు ఎక్కించే పంపు ప్లగ్గు మార్చి, నా భుజం కింద చెమటకు ఊడిన స్టిక్కర్ మళ్లీ అతికిస్తే గీత శుభ్రమైంది. ఇరవై నిమిషాలు పట్టింది.

తర్వాత అసలు సమస్య. తప్పు దెబ్బలు రాలేదు. పది నిమిషాలు, ఇరవై, నలభై. రోజుకు ఇరవై వేలు కొట్టిన గుండె ఆ బల్ల మీద ఒక్కటి కొట్టలేదు. మగత మందు ఆపేశారు. "ఇట్లా జరుగుతుంటుంది, భయపడకండి" అన్నారు డాక్టర్ గారు. నాకు మాత్రం కడుపులో దేవినట్టయింది. రాకపోతే ఏం చేస్తారు? ఇంటికి పంపిస్తారా? దీనికయ్యే మూడు లక్షలు ఏమవుతాయి? ఎనిమిది నెలలు వద్దు వద్దని మొక్కిన దాన్ని, కళ్లు మూసుకొని రమ్మని వేడుకున్నాను.

ఐసోప్రినలిన్ అనే మందు ఎక్కించారు. గుండె 140కి పోయింది, నిండు బస్తా మోసి పరుగెత్తినట్టు. ఆ వేగంలో రాలేదు. మందు ఆపాక, వేగం దిగుతుండగా ఒకటి వచ్చింది. ఆగి ఇంకొకటి. గాజు అవతల ఎవరో "వచ్చింది సార్" అని గట్టిగా అన్నారు. కానీ విడివిడిగా, నిమిషానికి రెండో మూడో. అప్పుడు డాక్టర్ గారు సిస్టర్‌ను నా ఫైల్ తెమ్మన్నారు. ఏప్రిల్ 9 నాటి జిరాక్సు తీసి తెర పక్కన క్లిప్పు పెట్టారు. ఇప్పుడు వస్తున్నదీ అప్పటిదీ ఒకటేనా అని పన్నెండు లీడ్లూ పోల్చారు. ఒకటే. అసలు కాగితం కూడా ఫైల్లోనే ఉంది, అది అప్పటికే సగం తెల్లబడింది.

ఇక వెతుకులాట. డాక్టర్ గారు తర్వాత వార్డుకు వచ్చి బొమ్మ గీసి చెప్పారు కాబట్టి నాకు అర్థమైనంత రాస్తున్నాను. తీగ కొసను గుండె గోడ మీద ఒక్కో చోట ఆనిస్తారు. తప్పు దెబ్బ పడినప్పుడు కరెంటు ఆ చోటికి ఎప్పుడు చేరిందో, ఒంటి మీది గీత లేవడానికి ఎన్ని మిల్లీసెకన్ల ముందో కొలుస్తారు. అందరికన్నా ముందు చేరిన చోటే దాని పుట్టిల్లు. ఒక్కో కొలత తెర మీద ఒక చుక్క. ముందు చేరినవి ఎరుపు, తర్వాత పసుపు, ఆకుపచ్చ, నీలం, చివరివి ఊదా. మెషిన్ తనంతట తానే కొలుస్తుంది, కానీ నమ్మి వదిలేయరు. ఒక అమ్మాయి ప్రతి చుక్క దగ్గరా ఆగి, గీత ఎక్కడ లేచిందో మౌస్‌తో జరిపి సరిచేస్తూనే ఉంది. నాకు ఆమె వీపు మాత్రమే కనిపించింది.

ఎర్రటి మరక కుడి గది పైభాగంలో, ఊపిరితిత్తులకు రక్తం పోయే కవాటం కింద తేలింది. కుడి వైపే. 18 మిల్లీసెకన్ల ముందు. కాల్చారు, ఛాతీలో వెచ్చగా ఒత్తినట్టు అనిపించింది. ఆగిపోయాయి. నేను కళ్లు మూసుకొని దండం పెట్టుకున్నా. తొమ్మిది నిమిషాలకు మళ్లీ వచ్చింది.

డాక్టర్ గారు నిరాశ పడినట్టు కనిపించలేదు. తీగ కొసలో ఒక్క బిందువు నుంచి తీసే ఇంకో రకం గీత చూశారు. కరెంటు ఆ బిందువు వైపు వస్తుంటే గీత ముందు పైకి లేస్తుంది, అక్కడి నుంచే బయల్దేరి పోతుంటే మొదటి నుంచే కిందికి దిగుతుంది. మొదటి చోట గీతకు ముందు చిన్న మొటిమంత లేపు ఉందట. అంటే పక్కింటికి వచ్చాం, అసలు ఇల్లు ఇంకా వెనక ఉంది. కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. 32 మిల్లీసెకన్లు. గీత నేరుగా కిందికి.

కాల్చే ముందు ఇంకో పరీక్ష చేశారు. అదే చోట తీగతో చిన్న కరెంటు ఇచ్చి గుండెను వాళ్లే కొట్టించారు. ఆ దెబ్బ గీత, నా తప్పు దెబ్బ గీత పన్నెండు లీడ్లలోనూ కలవాలి. వాళ్లు తెర చూస్తున్నారు. నాకు తెర అక్కర్లేకపోయింది. మొదటి దెబ్బకే గొంతులో అదే ఆగిపోవడం, అదే బోలు. ఒంటి మీది వెంట్రుకలు లేచాయి. "ఇదే సార్, ఇదే" అన్నాను. లోపల ఉన్నవాళ్లంతా ఒక్క క్షణం ఆగారు. "పన్నెండుకు పన్నెండు కలిసింది, మీరు చెప్పిందీ కలిసింది" అన్నారు డాక్టర్ గారు.

కాల్చడం మొదలవగానే తప్పు దెబ్బలు ఒక పది, పన్నెండు గబగబా వరసగా వచ్చాయి. భయపడి కేక వేశాను. అది మంచి గుర్తేనట. తర్వాత నిశ్శబ్దం. చుట్టుపక్కల ఇంకో మూడుసార్లు కాల్చారు. మళ్లీ ఆ మందు ఎక్కించి, దించి, అరగంట చూశారు. ఒక్కటీ రాలేదు. బయటికి తెచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర.

తర్వాత ఆరు గంటలు కాలు కదపకూడదు. దాని గురించి ఎవరూ ముందు చెప్పరు, నేను చెప్తాను. నడుం విరిగిపోతుంది. పడుకొనే మూత్రం పోయాలి, నాకు రెండు గంటలు రాలేదు. ముందు రోజే పడుకొని పోయడం ఒకసారి అలవాటు చేసుకోండి. తొడ మీద నల్లటి కమిలిన మచ్చ పన్నెండు రోజులు ఉంది. వారం దాకా బరువులు ఎత్తవద్దన్నారు.

15వ తారీకు డిశ్చార్జ్. బిల్లు 3,12,000. ఇన్సూరెన్స్ 2,21,000 ఇచ్చింది. మిగతా 91,000లో అరవై వేలు సేటు జీతం మీద అడ్వాన్స్ ఇచ్చాడు, మిగిలింది మా బావ సర్దాడు, ఆయుర్వేదం అన్న బావే. మ్యాపింగ్ తీగ, ఆ స్టిక్కర్లు వాటికే బిల్లులో పెద్ద భాగం.

మొదటి రెండు వారాలు అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పేది, ప్రాణం గొంతులోకి వచ్చేది. కాల్చిన చోట వాపు తగ్గేదాకా అట్లా ఉండొచ్చన్నారు. డిసెంబర్‌కు పోయింది. సంక్రాంతి తర్వాత కాంటా దగ్గర పూర్తి పనిలోకి వచ్చాను.

2025 ఫిబ్రవరి 17న హనుమకొండలో అదే క్లినిక్‌లో హోల్టర్ కట్టించుకున్నాను, ఈసారి కూడా పనికి పోతూనే. మొత్తం దెబ్బలు 98,412. వీపీసీలు 71. ఎకోలో పంపింగ్ 56. మా ఆవిడ వచ్చే జాతర తేదీలు అప్పుడే అడుగుతోంది.

రిపోర్టు తీసుకొని ఆ ఈసీజీ తీసే ఆమెకు చూపిద్దామని గదిలోకి తొంగి చూశాను. బల్ల మీద ఒక పెద్దాయన పడుకొని ఉన్నాడు, మెషిన్ నుంచి కాగితం నేల దాకా జారింది. "రానియ్యి తాతా, తొందరేం లేదు" అంటోంది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను.